ముందు స్ప్రింగు దిగిన పికప్: మార్చే ముందు తెలుసుకోవాల్సినవి

పికప్ బండి అనగానే తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి గుర్తొచ్చేవి కమాను పట్టీలే. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు ముందూ వెనకా అవే. పట్టీ విరిగితే ఇంకోటి వేయించడం, వంపు తగ్గితే మళ్లీ కొట్టించడం, బరువు ఎక్కువ మోయాలంటే అదనంగా ఒక పట్టీ చేర్పించడం ఆటోనగర్లలో చేయి తిరిగిన పని. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ సంగతి వేరు. వెనక చక్రాలకు కమాన్లే ఉన్నా, ముందు చక్రాల మీద బరువు మోసేవి కాయిల్ స్ప్రింగులు. ఆ తొలినాటి బళ్లకు ఇప్పుడు వయసు మీద పడింది. కమాన్ల అలవాటుతోనే వీటి జోలికి వెళితే డబ్బు దండగ కావడమే కాదు, పని చేసే మెకానిక్ ప్రాణానికీ ముప్పే.

స్ప్రింగు 'వీక్' అయిందని అందరూ అనేస్తారు. ఆ మాట పూర్తిగా సరైంది కాదు. కాయిల్ నొక్కుకున్నప్పుడు నిజానికి జరిగేది దాని తీగ మెలితిరగడం. ఎంత బలానికి ఎంత నొక్కుకోవాలన్నది తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య, ఉక్కు స్వభావం నిర్ణయిస్తాయి. ఏళ్లు గడిచినంత మాత్రాన ఇవేవీ పెద్దగా మారవు. మారేది ఎత్తు. లక్షల సార్లు నొక్కుకుని, అప్పుడప్పుడూ మోతకు మించిన బరువు కింద నలిగి, గుంతల్లో దెబ్బలు తిని ఉక్కు కొద్దికొద్దిగా శాశ్వతంగా కుదించుకుపోతుంది. అంటే పాత స్ప్రింగు మెత్తబడలేదు, పొట్టిదైంది. బండి ముక్కు కిందికి వాలేది అందుకే.

తుప్పు వ్యవహారం ఇంకోలా ఉంటుంది. కాయిల్ గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంతో ముడిపడి ఉంటుంది. తుప్పు తిని తీగ పొడవునా మందం పదో వంతు తగ్గితే గట్టిదనం మూడో వంతు పోతుంది. అంత దాకా రాకముందే, పెయింటు లేచిపోయిన చోట తుప్పు గుంట పడి, అక్కడి నుంచి పగులు మొదలై స్ప్రింగు విరగవచ్చు. ఎక్కువగా విరిగేది మట్టీ నీళ్లూ నిలిచే అడుగు చుట్టు దగ్గరే. కోస్తా గాలిలో తిరిగే బళ్లూ, ఉప్పు, రొయ్యల లోడు మోసే బళ్లూ ఈ విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి.

దిగిందో లేదో కంటితో చెప్పడం కష్టం, టేపుతో తేలిక. ఖాళీ బండిని చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలాక చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతుంది. రెండు పక్కల కొలతలూ పోల్చి చూడాలి. మన బళ్లలో డ్రైవరు కుడి పక్కన, చాలాసార్లు ఒక్కడే కూర్చుంటాడు కాబట్టి కుడి వైపు ముందుగా దిగడం వింతేమీ కాదు. టైరు లోపలి అంచు తొందరగా అరగడం, చిన్న స్పీడ్‌బ్రేకరుకే లోపలి రబ్బరు బంపర్ 'ఠక్'మని తగలడం కూడా గుర్తులే. బండి దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, అందుకే ఆ అరుగుదల.

ఇక్కడే చాలామంది షాకబ్జర్లు మార్పించి డబ్బు పోగొట్టుకుంటారు. షాకబ్జరు పని ఊపును అణచడం, బరువు మోయడం కాదు. కొత్తది వేసినంత మాత్రాన దిగిన బండి లేవదు. ఇంకొందరు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూరుస్తారు. ఎత్తు పెరిగినట్టే ఉంటుంది గానీ, బఫరు పట్టేసిన చుట్టు పని మానేస్తుంది, దాని వంతు మెలిక మిగతా చుట్ల మీద పడుతుంది. కమానుకు చేసినట్టు వేడి చేసి సాగదీయించడం మరీ చెడ్డ ఆలోచన. ఫ్యాక్టరీలో ఇచ్చిన పదును గ్యాస్ మంటకు పోతుంది.

అసలు ప్రమాదం విప్పేటప్పుడు. డీ-మ్యాక్స్‌లో స్ప్రింగు, షాకబ్జరు ఒకే కట్టగా ఉంటాయి. బండి కింద నుంచి ఊడదీశాక కూడా ఆ స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. ఒక మిల్లీమీటరు నొక్కడానికి 8 కిలోల బలం కావలసిన స్ప్రింగును ఉదాహరణకు తీసుకుందాం. దాన్ని 15 సెంటీమీటర్లు నొక్కి ఉంచితే తోసే బలం 1,200 కిలోలు. లోపల దాగిన శక్తి 90 కిలోల మనిషిని మీటరు ఎత్తుకు లేపడానికి సరిపోతుంది. అదంతా రెప్పపాటులో బయటపడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తాడుతోనో బైండింగ్ వైరుతోనో కట్టి నడిమి నట్టు విప్పే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ఆ షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోవడమే మేలు.

సరైన పద్ధతిలో ముందు వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చక్రం తీశాక బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ఉంటే అదీ లాక్కుపోకుండా విడదీయాలి. స్టెబిలైజర్ లింకు, పై ఆర్మ్ బాల్ జాయింటు, షాకబ్జరు కింది బోల్టు, పై గిన్నె చుట్టూ ఉన్న నట్లు విప్పితే కట్ట బయటికి వస్తుంది. గిన్నె మధ్యలో ఉన్న పెద్ద నట్టును మాత్రం స్ప్రింగ్ కంప్రెసర్ బిగించి, పై రబ్బరు మీద ఒత్తిడి పోయిందని తేలేదాకా ముట్టుకోకూడదు. కంప్రెసర్ కొక్కేలను ఎదురెదురుగా పెట్టి, చేతి స్పానరుతో రెండింటినీ కొద్దికొద్దిగా సమంగా తిప్పాలి. స్ప్రింగు గురి పెట్టిన వైపు మొహం గానీ చేయి గానీ ఉండకూడదు.

స్ప్రింగులు జతగానే మార్చాలి, ఒకటే విరిగినా సరే. కుడి ఎడమలకు పార్టు నంబర్లు వేరుగా ఉండవచ్చు కాబట్టి కొనేటప్పుడే సరిచూసుకోవాలి. రబ్బరు సీట్లు, బంపర్, దుమ్ము తొడుగు అంతా విప్పి ఉండగానే కొత్తవి వేస్తే రెండోసారి కూలీ తప్పుతుంది. తీగ చివర సీటులోని గాడిలో సరిగ్గా ఆనిందో లేదో చూశాకే కంప్రెసర్ వదలాలి.

మంచి మెకానిక్కులు కూడా మరిచేది ఒకటుంది. రబ్బరు బుష్‌లున్న బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా చివరిదాకా బిగించకూడదు. అలా బిగిస్తే బండి కిందికి దిగగానే బుష్ మెలిపడి, రోజంతా అదే స్థితిలో నలిగి తొందరగా చిరుగుతుంది. బండి తన బరువు మీద నిలిచాక, సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ ప్రకారం ఆఖరి బిగింపు వేయాలి.

తర్వాత కొన్ని రోజులు తిప్పి, స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ టేపు పెట్టి కొలిచి, వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ముక్కు లేచిన బండికి హెడ్‌లైట్లూ పైకి చూస్తాయి, వాటిని దించకపోతే ఎదురొచ్చే వాడి కళ్లు మూసుకుపోతాయి. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ పరీక్ష ఏటా తప్పదు కాబట్టి ఈ పనిని ఆ తేదీకి ముందే పెట్టుకుంటే ఒక బండి రోజు కలిసొస్తుంది.

విప్పిన పాత స్ప్రింగులను కొత్తవాటి పక్కన నేల మీద నిలబెట్టి కొలవమని మెకానిక్‌ను అడగవచ్చు. డబ్బు ఎందుకు పెట్టామో యజమానికి అక్కడే కనిపిస్తుంది. పాతవి తిరిగి ఎవరి బండిలోకో చేరకుండా స్క్రాపుకే పంపాలి.