రక్తపరీక్షకు జంకెందుకు?

మా సోమశిల వైపు హెచ్‌ఐవీ మాటెత్తితే ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు, శుక్రవారం జుమా తర్వాత ఇమాం సాబ్ ఒకే మాట చెబితే ఆ జంకు కొంత సడలుతుంది. కలిసి తింటే, చేయి కలిపితే ఇది అంటదు. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. 2004లో మొదలైన ఉచిత మందులు ఇప్పటికీ ఇస్తున్నారు. గర్భిణి మందులు వాడకపోతే బిడ్డకు సోకే ప్రమాదం 15 నుంచి 45 శాతం. సరిగ్గా వాడితే 5 శాతం లోపే. 2017 చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. కాబట్టి చర్చిలోగానీ మసీదులోగానీ పేర్లు రాసుకోవద్దు. దాతలను అడిగేది పరీక్ష ఖర్చు కాదు. పని మానుకుని ఆస్పత్రికి వెళ్లే మనిషికి బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి. మీ సదకాలో కొంత దీనికివ్వండి.