నిండు గుండెకూ దాహమే

మానవ హృదయం మన పిడికిలంత కండరం. నిమిషానికి సుమారు 72 సార్లు, అంటే రోజుకు లక్షకు పైగా కొట్టుకుంటుంది. కుడి భాగం చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు, ఎడమ భాగం మంచి రక్తాన్ని ఒళ్లంతటికీ పంపుతాయి. కవాటాలు రక్తాన్ని వెనక్కి పోనివ్వవు.

ఇంత చాకిరీకి శక్తి ఎక్కడిది? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను (ఏ.టి.పి.) కండరాల్లో గుర్తించారు. కండరం ముడుచుకోవడానికి ఇంధనం ఏ.టి.పి.యే. ఫాస్ఫోక్రియాటిన్ దానికి నిలవ సరుకు. ఆ నిలవ కొద్ది సెకన్లకే సరి! ప్రాణవాయువు అందుతుంటేనే గుండె తనకు కావలసినంత ఏ.టి.పి. తయారు చేసుకోగలదు.

విచిత్రమేమంటే, గదుల నిండా రక్తమున్నా గుండె కండరానికి అది నేరుగా అక్కరకు రాదు. కరోనరీ ధమనుల గుండా రావలసిందే. మా నాగాయలంకలో పెద్ద కాలువ నిండుగా పారుతున్నా, పంట బోదె పూడితే శివారు చేను ఎండిపోతుంది. ఇదీ అంతే. ధమనిలో కొవ్వు పేరుకుని, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటే ఆ మేర కండరం చావడం మొదలవుతుంది. అదే గుండెపోటు.

చచ్చిన కండరం మళ్లీ మొలవదు. ఛాతీ పట్టేసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పోస్తుంటే "గ్యాసులే" అని సోడా తాగించి తెల్లారేదాకా ఆగుతారు మా పల్లెల్లో. బందరో, విజయవాడో చేరవలసిన మాబోటి వాళ్లకు ఆ గంటలే ప్రాణం. తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోను చేయండి.