ఏడుపు కూడా ఓ రివ్యూనే!

వారమంతా ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి శుక్రవారం సెకండ్ షో అంటే పండగే. అప్పుడు పక్క సీట్లో పసిపాప గుక్కపట్టి ఏడిస్తే చిరాకే మరి. కానీ పాప వైపు నుంచీ చూడాలిగా! నిద్రవేళ, చుట్టూ చీకటి, చెవులదిరే సౌండ్, తెర నిండా నెత్తురు. ఏడవక ఏం చేస్తుంది?

అలాగని పిల్లలున్నవాళ్లు థియేటర్‌కే రావొద్దా? హాయిగా రావొచ్చు. మా అక్కావాళ్లు రెండేళ్ల బుడ్డోడితో సినిమాకి బయల్దేరితే టికెట్లు బుక్ చేసేది నేనే. ముందు సర్టిఫికెట్ చూస్తా. 'ఏ' అంటే పెద్దలకే. 'యూఏ'లోనూ 2024 నుంచి 7+, 13+, 16+ అని విడగొట్టి ఇస్తున్నారు. 16+ అని ఉంటే బుడ్డోడు అమ్మమ్మ దగ్గరే! లేదంటే మ్యాట్నీ షో, స్పీకర్లకి దూరంగా, నడవ పక్క సీట్లు. ఏడుపు మొదలైతే వెంటనే ఎత్తుకుని బయటికి. ఓసారి బావ, ఓసారి నేను.

మిగతా ప్రేక్షకులకీ ఓ మాట. హీరో ఎంట్రీకి ఈలలేసి గోల చేసే మనం, బిడ్డని ఎత్తుకుని బయటికెళ్తున్న తల్లిని గుడ్లురిమి చూడటం ఏం న్యాయం? కాళ్లు ముడుచుకుని దారిస్తే చాలు.

మిస్సయిన సీను ఓటీటీలో మళ్లీ దొరుకుతుంది. పసివాళ్ల చెవులు పాడైతే మళ్లీ రావు కదా!