గాలెన్ దవడ ఎముక

హైదరాబాదులో చార్మినార్ పక్కనున్న ఆసుపత్రిలో సాగే యునానీ వైద్యానికి మూలం గ్రీకు గ్రంథాలే అయితే, ఐరోపా పండితులు 15, 16 శతాబ్దాల్లో వాటిని మళ్ళీ వెదకి పరిష్కరించవలసిన అవసరమేమొచ్చిందని తొర్రూరు పాఠకుడొకరు అడిగారు.

2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్‌ను, అంటే హకీములు చెప్పే జాలీనూస్‌ను, ఐరోపా చాలాకాలం ఎక్కువగా అరబ్బీ మీదుగా వచ్చిన లాటిన్ అనువాదాల్లోనే చదివింది. వైద్య గ్రంథాల్లోని తప్పులన్నీ ప్లినీ వంటి రోమనులవి, అరబ్బులవి అని ఫెరారా ఆచార్యుడు లియోనిచేనో 1492 నుంచి ధ్వజమెత్తాడు. వెనిస్‌లోని ఆల్డస్ ముద్రణాలయం 1525లో గాలెన్ గ్రీకు మూలాన్ని అయిదు సంపుటాలుగా అచ్చువేసింది. తెలుగు కావ్యాలకు తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాలు నిర్ణయించినట్టే ఆ పండితులూ రాతప్రతులను పక్కపక్కన పెట్టుకుని లేఖకదోషాలు ఏరివేశారు. అయితే 9వ శతాబ్దంలోనే బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ గ్రీకు ప్రతులు అనేకం సేకరించి, సరిపోల్చుకున్నాకే అనువాదానికి పూనుకునేవాడన్న సంగతి లియోనిచేనో వంటివారు లెక్కలోకే తీసుకోలేదు.

అసలు రసవత్తరమైన ఘట్టం ఆ తరువాతిది. మనిషి కింది దవడ రెండు ఎముకలని గాలెన్ రాశాడు. అతను ఎక్కువగా కోసి చూసింది కోతులు, పందులు, కుక్కల వంటి జంతువులను. కుక్క దవడలో రెండు సగాలు గడ్డం దగ్గర జీవితాంతం విడిగానే ఉంటాయి గాని, మనిషిలో అవి పుట్టిన ఏడాదిలోపే అతుక్కుపోతాయి. పాఠం చెడిపోయి ఉన్నంతకాలం ఇటువంటి తేడాను లేఖకుడి మీదకో అనువాదకుడి మీదకో నెట్టేయవచ్చు. పాఠం శుద్ధి అయ్యాక కూడా ఆ వాక్యం చెక్కుచెదరకుండా నిలిచేసరికి తప్పు గాలెన్‌దేనని తేలిపోయింది. 1541లో వెనిస్‌లో వెలువడిన గాలెన్ లాటిన్ సంపుటాల పరిష్కరణలో స్వయంగా పాల్గొన్న వెసాలియస్, 1543లో తన శరీర నిర్మాణ గ్రంథంలో ఆ మాట బాహాటంగా చెప్పాడు. పారిస్‌లో అతనికి పాఠం చెప్పిన సిల్వియస్ మాత్రం గాలెన్ తప్పు చేయలేదని, ఆ కాలం తరువాత మనుషుల శరీరాలే మారిపోయాయని వాదించాడు! ఇంత పాండిత్యం ఉండీ ఒక్క పుర్రెను తిప్పి చూడటానికి మనసొప్పకపోవడం విచిత్రమే. 1200 ప్రాంతంలో ఈజిప్టును కరువు పీడించినప్పుడు, వైద్యుడు అబ్దుల్ లతీఫ్ అల్ బాగ్దాదీ రెండువేలకు పైగా పుర్రెలు పరిశీలించి, కింది దవడ ఒకటే ఎముకని అప్పటికే అరబ్బీలో రాసిపెట్టాడు.

ఇదంతా నేటి రోగికేం పనికొస్తుందని అడిగితే, మోకాలి నొప్పి మాత్రం దీనితో తగ్గదు. అయినా ఉస్మానియా వైద్య కళాశాలలో 1956లో డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి సారథ్యంలో వైద్య చరిత్ర శాఖ ఏర్పడిందంటే, అటువంటి ప్రశ్నకు జడవనివారూ కొందరున్నారన్నమాట. చివరికి విడ్డూరమేమిటంటే, అరబ్బులను అంతగా ఈసడించిన ఆ ఐరోపా పండితులకు, శవపరిచ్ఛేదంపై గాలెన్ రాసిన పదిహేను అధ్యాయాల గ్రంథం గ్రీకులో తొమ్మిదో అధ్యాయం మొదట్లోనే తెగిపోయి దొరికింది. మిగిలినదంతా నేటికీ నిలిచి ఉన్నది అరబ్బీ అనువాదంలోనే.