స్టేషను పట్టణమగుట ఎట్లు?

ఆమదాలవలసలో తొలిసారి రైలు దిగినవారికి మొదట కలుగు సందేహము ఊరి పేరును గురించియే. పలకమీద 'శ్రీకాకుళం రోడ్' అని యుండును. శ్రీకాకుళమో, అక్కడికి సుమారు 12 కిలోమీటర్ల దూరమున నాగావళి ఒడ్డున నున్నది. 1890వ దశకములో తూర్పుతీరపు రైలుమార్గము వేసినప్పుడు అది శ్రీకాకుళమునకు ఎగువగా ఆ నదిని దాటినది. ఆంగ్లేయులు స్టేషనుకు 'చికాకోల్ రోడ్' అని పేరు పెట్టిరి. నాటినుండి ఆమదాలవలస పొరుగూరికి వాకిలిగానే లోకమునకు పరిచితము.

వాకిలి ఇల్లు కాగలదా? దారినపోవువారికొరకు ఏర్పడిన చోటు తన కాళ్లమీద నిలుచు పట్టణము కావలెనన్న ఏమి కావలెను? దీనికి సమాధానము మేము ఆ రైలుమార్గము మీదనే వెదకితిమి.

విజయనగరమును ఈ లెక్కలో చేర్చరాదు. అక్కడ 1713 నాటి కోట యున్నది. 1879లో కళాశాల, 1919లో సంగీత కళాశాల వచ్చినవి. 1931లో రాయపూరు మార్గము పూర్తియగునాటికే అది నగరము. రైలు దానికి బలమిచ్చినది గాని పుట్టుక నీయలేదు.

ఉత్తరముగా పోయి నౌపడలో దిగుదము. ఇది జంక్షను. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు ఇక్కడినుండియే బయలుదేరినది. 1931 నాటికి గుణుపురము చేరినది. 2004లో ఆ బండి నిలిచిపోయి, పెద్ద పట్టాలు పడిన పిమ్మట 2011లో గుణుపురమునకు మరల రైలు నడిచినది. చెంతనే ఉప్పుమళ్లు గలవు. రెండు దారులు కలిసినవి, సరుకున్నది, అయినను నౌపడ నేటికిని గ్రామమే. ఉప్పు వచ్చినది వచ్చినట్లే బస్తాలకెక్కి తరలిపోయినది. దానిమీద మరొక చేతిపని ఆ ఊర జరుగలేదు. బండి మారువాడు స్టేషనులో టీ త్రాగును, అంతకుమించి ఊరికి విడిచిపోవునదేమి?

మరికొంత దూరమున పలాస గలదు. అక్కడి కథ వేరు. చుట్టునున్న ఉద్దానపు తోటల జీడిపిక్కలు పలాస-కాశీబుగ్గలకు వచ్చి ఆగినవి. 80 కిలోల బస్తా లెక్కన ధర తేలుచోటు అదియే. పిక్కను కాల్చుట లేక ఉడికించుట, పెంకు కొట్టుట, పప్పు ఆరబెట్టి పొర తీయుట, నిండు పప్పును బద్దనుండి వేరుచేయుట, ఇవన్నియు అక్కడనే జరుగును. ఈ పనులలో అధికభాగము స్త్రీల చేతులమీద నడుచును. తోటలు చాలనప్పుడు విదేశములనుండి సైతము పిక్కలను తెప్పించిరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానమును నేలకూల్చినప్పుడు పట్టణము తల్లడిల్లినది, కాని ఆరిపోలేదు. పని చేయుట తెలిసిన చేతులు అచటనే యున్నవి. 2011 జనాభా లెక్కలలో జంటపట్టణము 57 వేలు దాటినది.

ఇక ఆమదాలవలసకు మరలి వత్తము. 1987లో పురపాలక సంఘము ఏర్పడినది. 2011లో జనాభా దాదాపు 40 వేలు. ఇక్కడను ఒకప్పుడు సరుకు ఆగెడిది. సహకార చక్కెర కర్మాగారము నడచిన కాలమున చెరకుబండ్లు వరుసకట్టి నిలిచెడివి. గానుగ కాలమంతయు కూలికి కూలి, అంగడికి బేరము దొరకెడిది. ఆ కర్మాగారము మూతపడినది. రైతు చెరకును దూరమునకు తోలవలసి వచ్చినది, లేదా పంట మార్చుకొనవలసి వచ్చినది. ప్లాట్‌ఫారము మీద రద్దీ మాత్రము తగ్గలేదు. అందులో మూటాముల్లెతో చెన్నపట్టణమునకో హైదరాబాదునకో పనికై పోవు యువకులును ఉందురు. ఊరి పేరులోనే 'వలస' యున్నదని నవ్వుకొనువారు గలరు. మాకు ఆ నవ్వు రుచింపదు.

పురపాలక సంఘమునకు మరియొక చిక్కు గలదు. రాజ్యాంగములోని 285వ అధికరణము చేత కేంద్రప్రభుత్వపు ఆస్తికి స్థానికపు పన్ను సాధారణముగా పడదు. సేవలకు రుసుము అడుగవచ్చును, అంతే. అనగా ఊరికి పేరుతెచ్చిన స్టేషనే ఊరి బొక్కసమునకు ఇంటిపన్ను చెల్లింపదు. ప్రయాణికుల రాకపోకలకు రోడ్డు, నీరు, మురుగుకాలువ మాత్రము కావలెను. ఆ ఖర్చు స్థానికుల ఇండ్లమీదను అంగళ్లమీదను పడును.

శ్రీకాకుళముతో కలిపివేసిన సరిపోదా అనువారు కలరు. కలిపినచో పన్ను ఒకేచోట వసూలగును, పని మాత్రము పుట్టదు. మా అభిప్రాయములో ముందు చేయవలసినది చెరకునకును ధాన్యమునకును స్టేషను చెంత ఆగుచోటు కల్పించుట. బెల్లపు గానుగలకు, బియ్యపు మిల్లులకు, వాటిలో యంత్రములు బాగుచేయువారికి స్థలము, విద్యుత్తు, తక్కువ వడ్డీకి అప్పు కావలెను. చక్కెర కర్మాగారము తిరిగి తెరచుకొనువరకు ఆగనక్కరలేదు. గానుగకు పెద్ద పొగగొట్టముతో పనిలేదు. చెరకు కోతకు వచ్చునాటికి పెనము సిద్ధముగా నున్న చాలును.