ఏడు రాత్రుల క్రూజ్‌లో నేల మీద ఎన్ని గంటలు?

ఏడు రాత్రుల క్రూజ్ అంటే 168 గంటలు. అందులో మీ కాలు నేల మీద ఎన్ని గంటలు ఉంటుందో ఏ ప్రకటనలోనూ కనిపించదు. ఓడలో ఎన్ని రెస్టారెంట్లున్నాయో రాస్తారు, ఎన్ని ఈతకొలనులున్నాయో రాస్తారు, ఆగే రేవుల పేర్లు రంగు రంగుల బొమ్మలతో వేస్తారు. దీవులు చూడాలన్న కోరికతో వెళ్లేవారికి మాత్రం అసలు కావలసిన అంకె ఆ గంటలే. అమెరికాలోని తెలుగు కుటుంబాలు క్రిస్మస్ సెలవులకూ, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడూ ఎక్కువగా ఆలోచించే తూర్పు కరీబియన్ యాత్రనే తీసుకుని ఆ లెక్క వేసి చూద్దాం.

ముందు మ్యాపు. ప్యూర్టోరికోకు తూర్పున మొదలై దక్షిణంగా వెనిజులా వైపు విల్లులా వంగిన దీవుల వరస ఉంది. అందులో ఏడు స్వతంత్ర దేశాలున్నాయి. డొమినికా 750 చదరపు కిలోమీటర్లు, సెయింట్ లూసియా 616, ఆంటిగ్వా-బార్బూడా 442, బార్బడోస్ 431, సెయింట్ విన్సెంట్-గ్రెనడీన్స్ 389, గ్రెనడా 344, సెయింట్ కిట్స్-నెవిస్ 261. ఏడూ కలిపినా 3,233 చదరపు కిలోమీటర్లే. దేనికది వేరే జెండా, వేరే ప్రభుత్వం, వేరే ఇమిగ్రేషన్ నిబంధనలు. క్రికెట్‌లో మాత్రం జమైకా, ట్రినిడాడ్, గయానాలతో కలిసి అందరిదీ ఒకటే జట్టు, వెస్టిండీస్. ఈ దేశాల మధ్యలో ఫ్రాన్స్ ఏలుబడిలోని గ్వాడలూప్, మార్టినీక్ ఉన్నాయి. 87 చదరపు కిలోమీటర్ల సెయింట్ మార్టిన్ దీవిని 1648 నుంచి ఫ్రెంచివారు, డచ్చివారు చెరో ముక్కగా పంచుకున్నారు. ఆ సరిహద్దు దాటేటప్పుడు పాస్‌పోర్టు అడిగేవారే ఉండరు.

ఇక దూరాలు. సముద్రం మీద లెక్క నాటికల్ మైళ్లలో ఉంటుంది, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. పెద్ద క్రూజ్ ఓడ గంటకు 18 నాటికల్ మైళ్లు సునాయాసంగా వెళుతుంది. సాయంత్రం 5కు రేవు వదిలి మర్నాడు ఉదయం 8కి ఇంకో రేవు చేరాలంటే చేతిలో 15 గంటలుంటాయి. అంటే ఒక రాత్రిలో 270 నాటికల్ మైళ్లు వెళ్లొచ్చు. మార్టినీక్ రాజధాని ఫోర్ట్-ద-ఫ్రాన్స్ నుంచి సెయింట్ లూసియా రాజధాని కాస్ట్రీస్‌కు సుమారు 40 మైళ్లు. సెయింట్ లూసియా నుంచి బార్బడోస్‌కు నూరు మైళ్ల పైచిలుకు. మీరు నిద్ర లేచేసరికి కొత్త దేశం ఎదురుగా ఉంటుంది. మయామీ నుంచి అయితే ఇది కుదరదు. అక్కడి నుంచి సెయింట్ థామస్ దీవికి దాదాపు వెయ్యి నాటికల్ మైళ్లు, పద్దెనిమిదితో భాగిస్తే 55 గంటలు. వెళ్లేటప్పుడు అన్ని గంటలూ నీళ్ల మీదే, వచ్చేటప్పుడూ దాదాపు అంతే.

అందుకే మయామీ లేదా ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి బయల్దేరి అక్కడికే తిరిగొచ్చే ఏడు రాత్రుల ఓడ సాధారణంగా మూడు రేవుల్లోనే ఆగుతుంది. ప్యూర్టోరికోలోని సాన్ హువాన్ నుంచో, బార్బడోస్ నుంచో బయల్దేరేదైతే అయిదారు రేవులు చూపిస్తుంది. రేవులో ఓడ ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఉందంటే తొమ్మిది గంటలు మనవని కాదు. స్థానిక అధికారుల అనుమతి వచ్చి జనం దిగడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. బయల్దేరడానికి అరగంట ముందే అందరూ ఓడలో ఉండాలి. తిరుగు దారిలో ట్రాఫిక్ కోసం ఇంకో గంట చేతిలో ఉంచుకోవాలి. చివరికి మిగిలేది ఏడు గంటలు. మూడు రేవులకు 21 గంటలు, అంటే 168లో ఎనిమిదో వంతు. ఆరు రేవులకు 42 గంటలు, అంటే నాలుగో వంతు. రెంటి పేరూ ‘ఏడు రాత్రుల తూర్పు కరీబియన్’ అనే ఉంటుంది.

దీన్ని డబ్బులోకి మార్చి చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు, మీకొచ్చిన కొటేషన్లతో మీరే మళ్లీ వేసుకోండి. నలుగురి కుటుంబం, ఒకే గది. మొదటి ఇద్దరికీ మనిషికి 800, పిల్లలిద్దరికీ 400 చొప్పున టికెట్ 2,400 డాలర్లు. మయామీ ఓడకైతే రేవు పన్నులు మనిషికి 160 చొప్పున 640. సిబ్బంది టిప్పులు మనిషికి రోజుకు 18 చొప్పున 504. ఇవి చాలా కంపెనీల్లో బిల్లులో వాటంతటవే పడతాయి, పిల్లలకూ పడతాయి. రేవుల్లో తిరగడానికి కుటుంబానికి 280 చొప్పున మూడు రేవులకు 840. విమానం 1,400. ముందు రాత్రి హోటల్ 200. మొత్తం 5,984. ప్రకటనలో మెరిసిన 2,400 ఇందులో నలభై శాతమే. సాన్ హువాన్ ఓడకైతే విమానం 2,000, రేవు పన్నులు 880, ఆరు రేవుల్లో తిరుగుడుకు 1,680, తక్కినవి అవే. మొత్తం 7,664. చూడటానికి ఇదే ఖరీదు. కానీ నేల మీద గడిపే గంటలతో భాగిస్తే మయామీ ఓడకు గంటకు 285 డాలర్లు, సాన్ హువాన్ ఓడకు 182. ఓడే మీ సెలవు అనుకుంటే, పిల్లలు నీటి జారుడుబల్లలతో, పెద్దలు డెక్ మీద కుర్చీలతో తృప్తిపడితే మయామీ ఓడ మంచిదే. దీవుల కోసమే వెళ్తుంటే మాత్రం సాన్ హువాన్ దాకా ఎగిరి వెళ్లండని నా గట్టి సలహా.

ముందు రాత్రి హోటల్ ఖర్చు మిగుల్చుకుందామని మాత్రం చూడకండి. ఓడ బయల్దేరే రోజు ఉదయం విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో ఎగిరి వెళ్లి అందుకోవాలి, అదీ ఆ దేశానికి వీసా అక్కర్లేకపోతేనే.

ఏడు గంటల్లో ఏది కుదురుతుంది, ఏది కుదరదు అన్నదానికి సెయింట్ లూసియా మంచి ఉదాహరణ. అక్కడికి వెళ్లేదే పీటన్స్ అనే జంట శిఖరాల కోసం. గ్రో పీటన్ 770 మీటర్లకు పైనే, ప్టీ పీటన్ 743 మీటర్లు, రెండూ సముద్రంలోంచి నిటారుగా లేచినట్టుంటాయి. 2004లో యునెస్కో జాబితాకెక్కాయి. ఓడ ఆగేది ఉత్తరాన కాస్ట్రీస్‌లో, పీటన్స్ ఉన్నది నైరుతిన సూఫ్రియేర్ దగ్గర. దూరం నలభై కిలోమీటర్లే అయినా మెలికల కొండదారి గంటన్నర పడుతుంది. రానూపోనూ మూడు గంటలు. గ్రో పీటన్ ఎక్కి దిగడానికి నాలుగైదు గంటలు. కూడితే ఏడెనిమిది గంటలు, భోజనానికీ ఆలస్యానికీ చోటే లేదు. ఓడ నుంచి వెళ్లి శిఖరం ఎక్కుదామన్న ఆలోచన మానుకోండి. అదే పడవ మాట్లాడుకుని తీరం వెంట వెళితే గంటలోపు సూఫ్రియేర్ చేరతారు, నీటి మీది నుంచి రెండు శిఖరాలూ పూర్తిగా కనిపిస్తాయి, గంధకపు వేడినీటి బుగ్గలు చూసి, కాసేపు ఈదులాడి మూడింటికల్లా వెనక్కి రావచ్చు.

డొమినికాలో ఇలాంటి ఇబ్బంది తక్కువ. రోసో రేవు నుంచి ట్రఫాల్గర్ జలపాతాలకు అరగంట లోపే చేరతారు. అడవిలోని బాయిలింగ్ లేక్‌కు మాత్రం నడకే రానూపోను ఆరు గంటల దాకా పడుతుంది, దాన్ని ఓడ రోజున పెట్టుకోకూడదు. ఈ వరసలో నాకు ఒక్క దీవే ఎంచుకోమంటే డొమినికానే ఎంచుకుంటాను. పేరున్న ఇసుక తీరాలు లేవు, కానీ అంత పచ్చదనం మరో దీవిలో లేదు. టికెట్లు కొనేటప్పుడు దీన్ని డొమినికన్ రిపబ్లిక్‌తో కలపకండి, అది వేరే దేశం. సెయింట్ కిట్స్‌లో పాత చెరకు రైలు ఉంది. 1912 నుంచి 1926 దాకా వేసిన పట్టాలవి, 2005లో చక్కెర పరిశ్రమ మూతపడ్డాక సందర్శకులకే నడుస్తోంది. 18 మైళ్లు రైల్లో, 12 మైళ్లు బస్సులో, దీవి చుట్టూ మూడు గంటలు. వృద్ధులతో వెళ్లేవారికి ఇంతకన్నా హాయైన రోజు దొరకదు. బార్బడోస్‌లో కెన్సింగ్టన్ ఓవల్ రేవుకు దగ్గర్లోనే ఉంది. 2024 జూన్ 29న దక్షిణాఫ్రికాను ఏడు పరుగులతో ఓడించి భారత్ టీ20 ప్రపంచ కప్ గెలిచింది అక్కడే.

సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి గడియారం. ఈ దీవులన్నీ ఏడాది పొడవునా ఒకే సమయంలో ఉంటాయి, చలికాలంలో మయామీ కంటే గంట ముందు. కొన్ని ఓడలు తమ గడియారం మార్చవు. మీ ఫోన్ మాత్రం రేవులో దిగగానే స్థానిక సమయానికి మారిపోతుంది. తిరిగి రావలసిన సమయం ఏ గడియారం ప్రకారమో దిగేముందే అడగండి. ఓడవారు అమ్మే టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ సొంత ట్యాక్సీ ఆలస్యమైతే ఆగదు. రెండోది డాలర్. సెయింట్ లూసియా, డొమినికా, ఆంటిగ్వా, సెయింట్ కిట్స్, గ్రెనడా, సెయింట్ విన్సెంట్‌లలో చెల్లేది తూర్పు కరీబియన్ డాలర్, 1976 నుంచి ఒక అమెరికా డాలర్‌కు 2.70 దగ్గరే నిలబడింది. బార్బడోస్ డాలర్ రెండుకు ఒకటి. డ్రైవరు ‘ఎనభై డాలర్లు’ అంటే సెయింట్ లూసియాలో అది 30 అమెరికా డాలర్ల కంటే తక్కువ కావచ్చు, బార్బడోస్‌లో 40 కావచ్చు, రెండు చోట్లా అచ్చంగా అమెరికా ఎనభై కూడా కావచ్చు. ఏ డాలరో తేల్చుకున్నాకే కారెక్కండి.

వీసా విషయం ఇంతకంటే ముఖ్యం. భారత పాస్‌పోర్టుకు బార్బడోస్, డొమినికా, గ్రెనడా వంటి దేశాల్లో ముందస్తు వీసా అక్కర్లేదు, ఫ్రెంచి దీవుల నిబంధనలు వేరు. ఓడ ప్రయాణికులకు కొన్నిచోట్ల సడలింపులుంటాయి, అవి మారుతూనూ ఉంటాయి కాబట్టి ప్రతి రేవుకూ విడిగా చూసుకోవాలి. అసలు చిక్కు తిరిగి అమెరికాలోకి రావడంలో ఉంది. హెచ్-1బి మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటినవారు కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. అది కరీబియన్ దీవులకు వర్తించదు. ఎఫ్-1 విద్యార్థులకు, జె-1 వారికి మాత్రం క్యూబా మినహా పక్కనున్న దీవులకూ వర్తిస్తుంది. ఒకే ఇంట్లో హెచ్-1బి మీదున్న అన్నకూ, చదువుకుంటున్న తమ్ముడికీ నియమం వేరన్నమాట. స్టాంపు లేని అన్నను ఓడవారు అసలు ఎక్కనివ్వకపోవచ్చు, ఎక్కనిచ్చినా తిరిగొచ్చేటప్పుడు కష్టం. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల వీసా ఒక్కసారి ప్రవేశానికా, ఎన్నిసార్లయినా రావచ్చా అన్నది చూడండి. వారి ఆరోగ్య బీమా అమెరికా గడ్డ దాటితే పనిచేస్తుందో లేదో కూడా చదవండి. నడిసముద్రంలో జబ్బు చేసి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఆ ఖర్చు ఇంటి పొదుపంతా తినేస్తుంది.

కాలం సంగతికొస్తే హరికేన్ల ఋతువు జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, ఉద్ధృతి సెప్టెంబరు రెండో వారం చుట్టూ. 2017 సెప్టెంబరు 18 రాత్రి మరియా అయిదో శ్రేణి తుఫానుగా డొమినికాను తుడిచిపెట్టింది. 2024లో బెరిల్ జులై 1నే గ్రెనడాకు చెందిన కరియాకూ మీద పడింది. ఓడకు సాధారణంగా ముప్పు రాదు, దారి మార్చుకుంటుంది. పోయేది మీరు చూద్దామనుకున్న రేవు. ఏ రేవునైనా వదిలేసే హక్కు టికెట్ ఒప్పందంలోనే కంపెనీకి ఉంటుంది, వెనక్కి వచ్చేది దాదాపుగా ఆ రేవు పన్ను మాత్రమే. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వాతావరణం బాగుంటుంది, ధరా ఎక్కువే. డిసెంబరు మొదటి రెండు వారాలు, ఏప్రిల్ చివర నుంచి మే దాకా నడిమి దారి. పిల్లల బడి అడ్డురాకపోతే ఆ రోజులే వెతకండి.

ఈ దీవుల్లో మనవాళ్ల అడుగుజాడలు పాతవే. 1854 నుంచి 1889 దాకా దాదాపు 42 వేల మంది భారతీయ కూలీలను ఒప్పందాల మీద గ్వాడలూప్‌కు తీసుకెళ్లారు. ఎక్కువమంది తమిళులు, తెలుగువారూ ఉన్నారు. 1861 జూన్ 1న సెయింట్ విన్సెంట్‌కు మొదటి కూలీలను తెచ్చిన ‘ట్రావంకోర్’ ఓడ మద్రాసు రేవు నుంచి వెళ్లింది. గ్వాడలూప్‌లో మీ ఓడ ఆగితే కాపెస్టెర్‌లోని షాంజీ ఆలయానికి వెళ్లి రండి. పాయింట్-ఆ-పిత్ర్ రేవు నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపే, ఏడు గంటల్లో తీరిగ్గా సరిపోతుంది. శాకాహారులైతే ఓడలో భారతీయ శాకాహార భోజనం కావాలని బుకింగ్‌లోనే రాయించండి, ఎక్కాక మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కు మళ్లీ చెప్పండి.

చాలా కంపెనీలు మిగతా సొమ్ము మొత్తం 75 నుంచి 90 రోజుల ముందు కట్టమంటాయి. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే కోత మొదలై, చివరి రెండు వారాల్లో టికెట్ మొత్తం పోతుంది. అందుచేత డిపాజిట్ కట్టేముందు ఒక సాయంత్రం కూర్చుని ఇంటిల్లిపాది పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టి స్టాంపు తేదీలు చూడండి, ఓడ సమయపట్టిక పక్కన పెట్టుకుని నేల మీది గంటలు కూడండి. ఆ రెండూ సరిపోతేనే కార్డు బయటకు తీయండి.