భాగం 9: అడవి జంతువుల పెంపకం – చట్టం విధించిన హద్దులు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• అడవి జంతువుల రక్షణకు చట్టం చేసే అధికారం ఎవరిదో వివరించగలుగుతారు.
• స్వదేశీ, విదేశీ ప్రాణులకు వర్తించే నియమాల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

9.1 ప్రవేశిక

కోరుట్లలో ఒక ఇంటి వసారాలో రామచిలుక పంజరం వేలాడుతోందనుకుందాం. పక్కింట్లో ఆఫ్రికా జాతి బూడిదరంగు చిలుక ఉంది. ఈ రెండింటిలో ఏది నేరం? చాలామంది రెండోదే అంటారు. నిజానికి నేరం మొదటిది. సక్రమంగా సంపాదించి నమోదు చేయిస్తే రెండోది చట్టబద్ధమే. ఈ తేడా ఎందుకు వచ్చిందో చూద్దాం.

9.2 చట్టం చేసే అధికారం

అమెరికాలో ప్రమాదకర జంతువుల పెంపకంపై ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం ఉంది. ఒహాయో రాష్ట్రంలో 2011 అక్టోబరులో ఒక యజమాని పులులు, సింహాలతో సహా సుమారు 50 జంతువులను బోనుల్లోంచి వదిలేశాడు. పోలీసులు వాటిలో చాలావాటిని కాల్చి చంపవలసి వచ్చింది. ఆ రాష్ట్రం 2012లో కఠినమైన చట్టం చేసింది.

మన రాజ్యాంగంలో కూడా ఈ అంశం మొదట రాష్ట్రాల జాబితాలోనే ఉండేది. ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలు తీర్మానాలు చేసి కోరగా, 252వ అధికరణ కింద పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 చేసింది. 1976లో 42వ సవరణ ఈ అంశాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చింది.

9.3 స్వదేశీ ప్రాణులు

ఈ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, వల వేయడం, ఉచ్చు పన్నడం కూడా వేటే. అందుకే రెండో షెడ్యూలులో ఉన్న రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం. దీనికి 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నక్షత్ర తాబేలు వంటి మొదటి షెడ్యూలు ప్రాణుల విషయంలో శిక్ష 3 నుంచి 7 సంవత్సరాలు.

చట్టానికి విరుద్ధంగా పట్టిన, ఉంచుకున్న అడవి జంతువు 39వ సెక్షను ప్రకారం ప్రభుత్వ ఆస్తి. అది చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా పోలీసులకు లేదా అధీకృత అధికారికి తెలపాలి.

9.4 విదేశీ ప్రాణులు

వీటి విషయంలో చట్టం దృష్టి అంతర్జాతీయ వ్యాపారం మీద ఉంటుంది. 'సైటీస్' ఒప్పందం 1973లో కుదిరింది. భారతదేశం 1976లో చేరింది. 2022 సవరణ ఈ ఒప్పందంలోని జాతులను నాలుగో షెడ్యూలులో చేర్చింది. వాటిని పెంచేవారు 2024 నియమాల ప్రకారం 'పరివేష్ 2.0' పోర్టల్‌లో నమోదు చేయించాలి. ప్రాణి చేతికి వచ్చిన 30 రోజుల్లో ఇది జరగాలి. మనం లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జెరిగార్ పక్షులు సైటీస్ జాబితాల్లో లేవు కనుక వాటికి ఈ నమోదు అక్కరలేదు.

9.5 గల్ఫ్‌లో చట్టం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎందరో గల్ఫ్‌కు వెళ్తుంటారు. యు.ఎ.ఇ. 2016లో చేసిన 22వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం సింహం, చిరుత వంటి మృగాలను ఇళ్లలో పెంచరాదు. జంతుప్రదర్శనశాలలు, సర్కస్‌లు, పరిశోధన కేంద్రాల వంటి సంస్థలకే అనుమతి ఉంది. మృగం దాడిలో మనిషి చనిపోతే యజమానికి యావజ్జీవ శిక్ష పడవచ్చు.

9.6 సారాంశం

స్వదేశీ ప్రాణిని అడవి నుంచి వేరుచేయడమే నేరం. విదేశీ ప్రాణికి మూలం, నమోదు ముఖ్యం. ప్రమాదకర మృగం విషయంలో ప్రజల ప్రాణరక్షణ కూడా చట్టం చూస్తుంది.

9.7 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1972 చట్టం చేయడానికి పార్లమెంటుకు రాష్ట్రాల తీర్మానాలు ఎందుకు అవసరమయ్యాయి?
2. సిరిసిల్లలోని మీ మిత్రుడు గల్ఫ్ వెళ్తూ తన రామచిలుకను మీకు అప్పగించాడు. చట్టప్రకారం మీరేం చేయాలి? ఎన్ని గంటల్లోగా?